కొత్త సిస్టమ్‌ను నమ్మే ముందు



ఇంట్లో కొత్తగా కంప్యూటర్ అసెంబుల్ చేయించుకున్నవాళ్లతోనూ, విడిభాగాలు కొని తెచ్చి సొంతంగా బిగించుకున్నవాళ్లతోనూ కాసేపు మాట్లాడదామని వచ్చాను. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీకి వెళ్లి ప్రాసెసర్ ఒక కొట్లో, క్యాబినెట్ ఇంకో కొట్లో బేరమాడి తెచ్చుకున్నా, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా, కథ ఒక దగ్గర దాకా ఒకేలా నడుస్తుంది. బటన్ నొక్కుతారు. ఫ్యాన్లు తిరుగుతాయి. మానిటర్ మీద బొమ్మ పడుతుంది. విండోస్ ఎక్కుతుంది. రంగురంగుల లైట్లు వెలుగుతుంటే ఇంటిల్లిపాదీ వచ్చి చూసి వెళ్తారు. ఒక ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టేస్తారు. ఇక పని అయిపోయిందనుకుంటారు.

నా లెక్కలో అప్పటికి సగం పనే అయింది. బిగించడం అయింది. నమ్మొచ్చో లేదో ఇంకా తేలలేదు.

అసలు ఆన్ కాని కంప్యూటర్‌తో పెద్ద చిక్కు లేదు. కొట్లో పెడితే లోపం వాళ్లకీ కనపడుతుంది, మనకీ కనపడుతుంది. మార్చి ఇస్తారు. వారానికోసారి, అదీ ముఖ్యమైన పనిలో ఉన్నప్పుడు, ఉన్నట్టుండి రీస్టార్ట్ అయ్యేదే ప్రాణం తోడేస్తుంది. దాన్ని మించింది ఇంకొకటుంది. అది హ్యాంగ్ అవ్వదు, బ్లూ స్క్రీన్ చూపించదు. ఎక్కడో ఒక అంకె తప్పుగా రాసి ఊరుకుంటుంది. పెళ్లి ఫొటోల ఫోల్డర్లో నాలుగు ఫొటోలు సగం బూడిదరంగులోకి తిరిగిపోతాయి. ప్రాజెక్టు జిప్ ఫైలు తెరుచుకోదు. ఆ ఫైలు దాచుకున్న రోజున అంతా బాగానే ఉన్నట్టు కనిపించి ఉంటుంది. బ్యాకప్ తీసుకున్నాం కదా అనడానికీ లేదు. బ్యాకప్‌లోకీ ఆ తప్పే వెళ్లి కూర్చుంటుంది.

మా వైపు కంప్యూటర్ కొట్లలో సర్వరోగనివారిణి ఒకటుంది: ఫార్మాట్ కొట్టడం. గేమ్ మధ్యలో బయటికొచ్చేసినా ఫార్మాటే, బ్రౌజర్ ట్యాబులు వాటంతటవే మూసుకుపోయినా ఫార్మాటే. నాకు తెలిసిన ఒక ఇంజినీరింగ్ కుర్రాడికి వీడియో ఎక్స్‌పోర్ట్ చేసినప్పుడల్లా సాఫ్ట్‌వేర్ ఆగిపోయేది. వైరస్ అన్నారు, ఫార్మాట్ కొట్టారు. డ్రైవర్ అన్నారు, మళ్లీ కొట్టారు. చివరికి రెండు ర్యామ్ స్టిక్కుల్లో ఒకటి తీసేసి చూస్తే ఎక్స్‌పోర్ట్ హాయిగా పూర్తయింది. అప్పటికి కొట్లో మార్చి ఇచ్చే గడువు దాటిపోయి, సర్వీస్ సెంటర్ చుట్టూ తిరగాల్సి వచ్చింది. ర్యామ్‌కు వారంటీ చాలా ఏళ్లు ఉంటుంది, నిజమే. కానీ కొట్లో కౌంటర్ మీదే మార్చి ఇవ్వడానికీ, కొరియర్లో పంపి ఎదురుచూడడానికీ ఎంత తేడా ఉందో ఎదురుచూసినవాళ్లకే తెలుస్తుంది. అందుకే పరీక్షలన్నీ మొదటి వారంలోనే అయిపోవాలంటాను. డబ్బాలు పారేయకండి, బిల్లు ఫొటో తీసి పెట్టుకోండి, మీ విలువైన ఫైళ్లను ఆ వారం కొత్త సిస్టమ్‌లోకి ఎక్కించకండి.

తప్పు లెక్క సంగతి ఎత్తాను కాబట్టి ఒక పాత ఉదంతం చెప్పాలి. 1994లో అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో, లించ్‌బర్గ్ కాలేజీలో థామస్ నైస్లీ అనే గణితాచార్యుడు ప్రధాన సంఖ్యల మీద సుదీర్ఘమైన లెక్కలు చేస్తున్నారు. ఆ పనికి పెట్టిన కంప్యూటర్లలోకి కొత్తగా ఇంటెల్ పెంటియం ప్రాసెసర్ ఉన్నది ఒకటి చేరింది. దాని జవాబు పాత యంత్రాల జవాబుతో కలవలేదు. ఆయన తన ప్రోగ్రామును అనుమానించారు, కంపైలర్ను అనుమానించారు, మదర్‌బోర్డును అనుమానించారు. ఒక్కొక్కటీ పక్కన పెట్టుకుంటూ నెలల తరబడి వెతికితే, కొన్ని ప్రత్యేకమైన అంకెలను భాగించేటప్పుడు ప్రాసెసరే తప్పు చేస్తోందని తేలింది. చివరికి ఇంటెల్ ఆ ప్రాసెసర్లను మార్చి ఇస్తామని ఒప్పుకుని, అందుకు 47 కోట్ల 50 లక్షల డాలర్లు ఖర్చు రాసుకోవాల్సి వచ్చింది. ఆ లోపం వల్ల కంప్యూటర్ ఆగిపోయేది కాదు. చక్కగా బూట్ అయ్యేది, చక్కగా నడిచేది. భాగాహారం మాత్రం తప్పు చేసేది.

మన ఇంటి కంప్యూటర్లో అలాంటి డిజైన్ లోపం దొరకడం అరుదు. మనకు తగిలేవి ఎక్కువగా ర్యామ్, ఆ తర్వాత కరెంటు. ముందు ర్యామ్‌తోనే మొదలుపెడదాం.

ర్యామ్ లోపం ఎవరి ఇంట్లోనైనా మోసం చేస్తుంది. లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్‌నే తీసుకోండి. 2022 అక్టోబరులో ఆయన సొంత కంప్యూటర్లో ప్రోగ్రాములు అకారణంగా కూలిపోవడం మొదలైంది. కెర్నెల్లోనే కొత్త తప్పేదో దూరిందేమోనని మొదట అనుకున్నారట. తీరా చూస్తే ఒక ర్యామ్ స్టిక్ చెడిపోయింది. తప్పును తానే పట్టుకునే ఈసీసీ ర్యామ్ వాడాలని ఏళ్ల తరబడి వాదిస్తున్న మనిషి ఇంట్లోనే మామూలు ర్యామ్ ఉండిపోయింది! గూగుల్ సర్వర్ల మీద 2009లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో, ఏడాదిలో 8 శాతానికి పైగా ర్యామ్ స్టిక్కుల్లో ఏదో ఒక తప్పు నమోదైందని లెక్క తేలింది. ఆ తప్పుల్లో ఎక్కువ భాగం ఏ అంతరిక్ష కిరణమో తగిలి ఒకసారి జరిగిపోయేవి కావు, అదే స్టిక్కులో మళ్లీ మళ్లీ వచ్చేవి. సర్వర్లలో ఈసీసీ ఉంది కాబట్టి లెక్క తెలిసింది. మన ఇంట్లో లెక్కపెట్టేవాళ్లు లేరు.

పరీక్షకు మెమ్‌టెస్ట్86 ప్లస్ అనే చిన్న ఉచిత ప్రోగ్రాము ఉంది. ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, దాంతోనే కంప్యూటర్ను బూట్ చేయాలి. విండోస్ నడుస్తూ ఉంటే ర్యామ్‌లో కొంత భాగం దాని చేతిలోనే ఉంటుంది, ఆ భాగాన్ని ఎవరూ పరీక్షించలేరు. అందుకే బయటి నుంచి బూట్ చేయడం. ఈ ప్రోగ్రాము ర్యామ్‌లోని ప్రతి గడిలోనూ ఒక నమూనా రాసి, కాసేపాగి చదివి, రాసిందే వచ్చిందా అని చూస్తుంది. తర్వాత నమూనా తిరగేసి మళ్లీ రాస్తుంది, పక్క గడుల్లో రాస్తే ఈ గడి చెదురుతోందా అని చూస్తుంది. నీలం తెర మీద శాతాలు మెల్లగా పెరుగుతుంటాయి. ఒక చుట్టు పూర్తయితే పాస్ అనే అంకె ఒకటి పెరుగుతుంది. తప్పు దొరికితే ఎర్రటి వరుస పడుతుంది. ఆ వరుసలో ఏ చిరునామాలో, ఏం రావాల్సింది, ఏం వచ్చింది అన్నది ఉంటుంది. రాత్రి పడుకునే ముందు పెట్టి పొద్దున చూడండి. కనీసం నాలుగు చుట్లు తిరగాలి. ఒక్క తప్పు కూడా రాకూడదు. వందకు తొంభై తొమ్మిది వస్తే ర్యామ్ పాసైనట్టు కాదు.

తప్పు వస్తే వెంటనే ర్యామ్‌ను తిట్టకండి. ఒక్కో స్టిక్కునే ఉంచి, ఒకే స్లాటులో పెట్టి పరీక్షించండి. తప్పు స్టిక్కు వెంట వెళ్తే స్టిక్కుదే లోపం. ఏ స్టిక్కు పెట్టినా అదే స్లాటులో వస్తుంటే మదర్‌బోర్డో ప్రాసెసరో. ప్రాసెసర్ ఎందుకంటే, ర్యామ్‌తో మాట్లాడే కంట్రోలర్ చాలా ఏళ్లుగా ప్రాసెసర్లోనే ఉంటోంది. ఇంకో సంగతి. డీడీఆర్5 ర్యామ్ పెట్టిన కొత్త మదర్‌బోర్డు మొదటిసారి ఆన్ చేసినప్పుడు కొన్ని నిమిషాల పాటు తెర నల్లగానే ఉండొచ్చు. ర్యామ్‌తో ఏ లెక్కన మాట్లాడాలో అది నేర్చుకుంటూ ఉంటుంది. కంగారుపడి స్విచ్చి కట్టేస్తే మళ్లీ మొదటికొస్తుంది. కాఫీ తాగి రండి.

ఇప్పుడు అసలు గొడవకు వద్దాం. ర్యామ్ డబ్బా మీద 6000 అని పెద్ద అక్షరాల్లో రాసి ఉంటుంది. బిగించాక చూస్తే చాలా వరకు 4800 దగ్గరే నడుస్తుంటుంది. బయోస్‌లోకి వెళ్లి ఎక్స్‌ఎంపీ, లేదా ఏఎమ్‌డీ బోర్డయితే ఎక్స్‌పో, ఆన్ చేస్తేనే ఆ 6000 వస్తుంది. కొట్లో కుర్రాడు దాన్ని ఆన్ చేసే పంపిస్తాడు. వీడియోల్లో చూసినవాళ్లు మొదటి రోజే ఆన్ చేస్తారు. కానీ డబ్బా మీద ఉన్నా సరే, అది ఓవర్‌క్లాకింగే. ఆ స్టిక్కు ఆ వేగం అందుకోగలదని దాని తయారీదారు అంటున్నారు. మీ ప్రాసెసర్, మీ బోర్డు కూడా అందుకుంటాయని ఎవరూ హామీ ఇవ్వలేదు. కాబట్టి మొదటి రాత్రి మామూలు వేగంలో పరీక్షించండి. అందులో తప్పు వస్తే సరుకే చెడ్డది, నిస్సంకోచంగా వెనక్కి ఇవ్వండి. రెండో రాత్రి ఎక్స్‌ఎంపీ పెట్టి మళ్లీ పరీక్షించండి. మామూలు వేగంలో నిలిచి ఇందులో తప్పితే, ముందు బయోస్ అప్‌డేట్ చేసి చూడండి. అయినా తప్పితే ఒక మెట్టు దిగి 5600కి రండి. గేముల్లో ఆ తేడా కంటికి కనపడదు. అంకె కోసం పంతానికి పోయి రోజూ బ్లూ స్క్రీన్ చూసేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది.

ర్యామ్ అయ్యాక ప్రాసెసర్. ప్రైమ్95 అనే ప్రోగ్రాము పేరు వినే ఉంటారు. దాన్ని పుట్టించింది కంప్యూటర్ పరీక్ష కోసం కాదు. 1996లో జార్జ్ వోల్ట్‌మన్ అనే ఆయన మెర్సెన్ ప్రధాన సంఖ్యల వేట మొదలుపెట్టి, ప్రపంచమంతటా వలంటీర్ల ఇళ్లలోని కంప్యూటర్లతో ఆ లెక్కలు చేయించడానికి రాశారు. వారాల తరబడి సాగే లెక్క మధ్యలో ఒక్క అంకె తప్పితే మొత్తం వృథా. అందుకే అడుగడుగునా తన తప్పును తానే పట్టుకునే ఏర్పాటు అందులో ఉంది. కోట్ల అంకెలున్న సంఖ్యను గుణించడానికి దాన్ని దశాంశాల్లోకి మార్చి, లెక్క చేసి, తిరిగి పూర్ణాంకాల్లోకి తెస్తుంది. జవాబు పూర్ణాంకానికి దగ్గరగా వచ్చి తీరాలి. తేడా 0.5 అయిందంటే అటు పోవాలో ఇటు పోవాలో తేలదు, ఎక్కడో లెక్క చెడింది. అప్పుడు తెర మీద ఒక వాక్యం పడుతుంది: రౌండింగ్ 0.5 వచ్చింది, 0.4 కన్నా తక్కువ ఉండాల్సింది. అక్కడితో ఆ కోర్ పని ఆగిపోతుంది. కంప్యూటర్ మాత్రం మామూలుగానే నడుస్తూ ఉంటుంది, మౌస్ కదులుతుంది, పాట కూడా వినిపిస్తుంటుంది. ఆ వాక్యం చూడనివాడికి తన కంప్యూటర్ బంగారమే.

ఈ ప్రోగ్రాము కంపెనీలనే పట్టిచ్చిన సందర్భం ఉంది. ఇంటెల్ ఆరో తరం స్కైలేక్ ప్రాసెసర్లు ప్రైమ్95లోని ఒక రకం లెక్క దగ్గర బిగుసుకుపోతున్నాయని వాడుకదారులే కనిపెట్టారు. 2016 జనవరిలో ఇంటెల్ ఒప్పుకుని, బయోస్ అప్‌డేట్ల ద్వారా సరిచేసింది.

ప్రైమ్95 తెరవగానే లెక్కల బృందంలో చేరతారా, ఒట్టి పరీక్షేనా అని అడుగుతుంది. ఒట్టి పరీక్షే ఎంచుకోండి. అందులో స్మాల్ ఎఫ్‌ఎఫ్‌టీ పెడితే ప్రాసెసర్ బాగా వేడెక్కుతుంది. బ్లెండ్ పెడితే ర్యామ్ మీద కూడా భారం పడుతుంది. మొదటిది ఒక గంట, రెండోది కొన్ని గంటలు చాలు. మూడు రోజులు వదిలేసి చూడాలనేవాళ్లున్నారు, నేనైతే అంత దూరం పోను. పక్కన హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో తెరిచి ఉష్ణోగ్రత చూస్తుండండి. ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లు చాలా వరకు 100 డిగ్రీల దగ్గర, రైజెన్ 7000 వరుసలో చాలావి 95 దగ్గర తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి. కాబట్టి వేడికి ప్రాసెసర్ కాలిపోతుందన్న భయం అక్కర్లేదు. అయితే పరీక్ష మొదలైన కొన్ని సెకన్లలోనే ఆ హద్దును తాకితే కూలర్ సరిగ్గా కూర్చోలేదేమోనని అనుమానించాలి. కూలర్ అడుగున పారదర్శకమైన ప్లాస్టిక్ పొర అంటించి ఉంటుంది. దాన్ని పీకకుండానే బిగించేసినవాళ్లు చాలామందే ఉన్నారు. ముందు అది చూడండి.

ఇక్కడ మన ఎండల సంగతి ఉంది. వీడియోల్లో పరీక్షలు చేసి చూపించేవాళ్లు చాలామంది 20, 22 డిగ్రీల గదుల్లో కూర్చుంటారు. మీరు డిసెంబరులో కొని, రాత్రిపూట పరీక్షించి, 80 డిగ్రీలు చూపిస్తే బాగుందనుకుంటారు. ఫ్యాను వేగం అలాగే ఉంటే, గది ఎన్ని డిగ్రీలు వేడెక్కితే లోపలా దాదాపు అన్ని డిగ్రీలు పెరుగుతుంది. విజయవాడలోనో రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం, ఏసీ లేని గదిలో, అదే 80 కాస్తా 95 అవుతుంది. కాబట్టి ప్రాసెసర్ పరీక్ష మధ్యాహ్నం పెట్టండి, ఏసీ కట్టేసి పెట్టండి, క్యాబినెట్ మూతలన్నీ బిగించి పెట్టండి. చలికాలంలో కొన్నవాళ్లు 15 డిగ్రీలు కలుపుకుని ఆలోచించండి.

13, 14వ తరం ఇంటెల్ ప్రాసెసర్లు, ముఖ్యంగా సెకండ్‌హ్యాండ్‌లో, కొనేవాళ్లకు ఒక హెచ్చరిక. ఈ ప్రాసెసర్లున్న కొన్ని సిస్టమ్‌లలో గేమ్ మొదలవగానే వీడియో మెమరీ చాలడం లేదన్న సందేశం వచ్చి మూసుకుపోయేది. చాలామంది గ్రాఫిక్ కార్డును అనుమానించారు. కారణం అది కాదు. అవసరానికి మించిన వోల్టేజీ అందడం వల్ల ప్రాసెసరే క్రమంగా దెబ్బతింటోందని, కుదించిన ఫైళ్లను విప్పేటప్పుడు తప్పు చేస్తోందని తర్వాత తేలింది. 2024 ఆగస్టు నుంచి దిద్దుబాటు బయోస్ అప్‌డేట్లలో వచ్చింది, ఇంటెల్ వారంటీని రెండేళ్లు పొడిగించింది. ఆ అప్‌డేట్ ఇకముందు నష్టం జరగకుండా ఆపడానికే, జరిగిన నష్టాన్ని పూడ్చదు. ఈ తరాల ప్రాసెసర్ కొత్తగా కొన్నవాళ్లు విండోస్ ఎక్కించే ముందే బయోస్ అప్‌డేట్ చేసుకోండి.

ఇక కరెంటు. మనవాళ్లు ప్రాసెసర్ మీద పెట్టిన శ్రద్ధ, కంప్యూటర్‌కు కరెంటు అందించే ఎస్‌ఎమ్‌పీఎస్ మీద పెట్టరు. మిగిలిన డబ్బుతో ఏదొస్తే అది తీసుకుంటారు. దాని 12 వోల్టుల తీగలో వోల్టేజీ 11.4 కంటే తగ్గకూడదు, 12.6 దాటకూడదు. ప్రాసెసర్‌కూ గ్రాఫిక్ కార్డుకూ ఒకేసారి పని చెప్పి అరగంట నడపండి. ఒక్కోదాన్ని విడిగా పరీక్షిస్తే నిలబడి, రెండూ కలిస్తే టప్పున ఆరిపోతే అనుమానం ఎస్‌ఎమ్‌పీఎస్ మీదకే వెళ్లాలి. దాన్ని మాత్రం విప్పకండి. ప్లగ్గు తీసేసినా లోపల కెపాసిటర్లలో ప్రమాదకరమైన వోల్టేజీ నిలిచి ఉంటుంది.

మన ఇళ్లలో ఇంకో రెండు చూడాలి. క్యాబినెట్ ఇనుప భాగం తాకితే చెయ్యి జిల్లుమంటోందా? అది కంప్యూటర్ లోపం కాకపోవచ్చు. ఆ సాకెట్‌కు ఎర్తింగ్ లేకపోయి ఉంటుంది. ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. రెండోది యూపీఎస్. ఇళ్లలో ఎక్కువగా ఉండే 600 వీఏ యూపీఎస్ మోసేది 360 వాట్లు మాత్రమే. గ్రాఫిక్ కార్డున్న సిస్టమ్ గేమ్ ఆడుతుండగా అంతకు మించి లాగగలదు. ఇన్వర్టర్ మీద పెట్టినవాళ్లకు వేరే చిక్కు. ఎస్‌ఎమ్‌పీఎస్ కరెంటు లేకుండా ఓర్చుకోగలిగేది సుమారు 16 మిల్లీసెకన్లు. ఇన్వర్టర్ మారడానికి అంతకన్నా ఎక్కువ పడితే రీస్టార్ట్ అవుతుంది. చాలా ఇన్వర్టర్లకు యూపీఎస్ మోడ్ అని ఒక స్విచ్చి ఉంటుంది, అది వేసి ఉందో లేదో చూడండి. కొత్త సిస్టమ్‌లో మీ ఫైళ్లేవీ లేని ఈ మొదటి వారంలోనే, పూర్తి లోడు మీద ఉండగా మెయిన్ స్విచ్చి కట్టేసి చూడండి. నిలబడిందా, సరే. లేదంటే కరెంటు పోయినప్పుడల్లా ఏం జరగబోతోందో ఇప్పుడే తెలిసిపోయింది.

గ్రాఫిక్ కార్డుకు ఫర్‌మార్క్ ఒక పది నిమిషాలు వేడి చూసుకోవడానికి చాలు. గంటల తరబడి కార్డును అందులో కాల్చడం దండగ. మీరు రోజూ ఆడే గేమ్ రెండు గంటలు ఆడడం అంతకన్నా మంచి పరీక్ష. ఎస్‌ఎస్‌డీకి క్రిస్టల్ డిస్క్ ఇన్ఫోలో ఆరోగ్యం చూడండి. కొత్తదని అమ్మినదానికి వేల గంటల వాడకం కనిపిస్తే అమ్మినవాళ్లు అక్కడే దొరికిపోతారు.

లోడు మీద నిలిచింది కదా అని అక్కడితో ఆపకండి. కొన్ని సిస్టమ్‌లు గంటల పరీక్ష తట్టుకుంటాయి, ఊరికే ఉన్నప్పుడు మాత్రం పడిపోతాయి. పని లేనప్పుడు వోల్టేజీ బాగా తగ్గుతుంది, అప్పుడు బలహీనత బయటపడుతుంది. వోల్టేజీ తగ్గించి వేడి అదుపు చేద్దామని బయోస్‌లో చెయ్యి పెట్టినవాళ్లకు ఇది మామూలే. అందుకని స్లీప్‌లో పెట్టి లేపండి, రాత్రంతా ఖాళీగా వదలండి, పొద్దున చల్లటి సిస్టమ్‌ను ఆన్ చేయండి.

వారం చివర విండోస్‌లోని ఈవెంట్ వ్యూయర్ తెరవండి. కెర్నెల్ పవర్ 41 కనపడగానే ఎస్‌ఎమ్‌పీఎస్ పోయిందని చాలామంది తీర్పిచ్చేస్తారు. సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిందన్నంత వరకే దాని అర్థం, ఎందుకు ఆగిందో దానికీ తెలియదు. మీరు వెతకాల్సింది డబ్ల్యూ హెచ్ ఈ ఏ పేరుతో ఉన్న వరుసలు. అవి హార్డ్‌వేర్ స్వయంగా చేసుకున్న ఫిర్యాదులు. ఒక్కటి కనపడినా తేలిగ్గా తీసుకోకండి. మైక్రోసాఫ్ట్ పరిశోధకులు సుమారు పది లక్షల కంప్యూటర్ల రికార్డులు పరిశీలించి 2011లో చెప్పిన మాట ఇది: హార్డ్‌వేర్ లోపంతో ఒకసారి కూలిన కంప్యూటర్ మళ్లీ కూలే అవకాశం, మొదటిసారి కూలే అవకాశం కన్నా వంద రెట్ల దాకా ఎక్కువ.

మీ కొత్త సిస్టమ్ ఇంకా కొట్లో మార్చి ఇచ్చే గడువులోనే ఉంటే, ఒక పెన్‌డ్రైవ్ వెతికి మెమ్‌టెస్ట్ ఎక్కించి, ఈ రాత్రే ర్యామ్ పరీక్ష పెట్టి పడుకోండి. పొద్దున ఎర్ర వరుస కనపడితే దాన్ని ఫొటో తీసుకుని, బిల్లు పట్టుకుని, కొట్టు తెరిచేసరికి అక్కడ ఉండండి. ఫార్మాట్ కొట్టి చూద్దామంటే మాత్రం ఒప్పుకోకండి. ఆ పరీక్ష నడిచేటప్పుడు అసలు విండోస్ లేదని చెప్పండి.